నావలో నిద్ర

పరిగి పట్టణమునకు సముద్రము పొరుగు కాదు. తూర్పున బంగాళాఖాతము సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. పడమటి సముద్రము అంతకన్నను దూరము. మన ప్రాంతము కందిచేలకును, తాండూరు నాపరాళ్లకును పేరుపడినది గాని తెరచాపలకు కాదు. అయినను మన నీరు సముద్రము నెరుగును. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పుగా పారి, హైదరాబాదు నడుమగా పోయి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. తాండూరు ప్రక్కగా పోవు కాగ్నా పడమటికి పారి భీమలో కలిసి, భీమతో కూడ మరల కృష్ణనే చేరును. ఒకదానికొకటి వీపు త్రిప్పుకొని బయలుదేరిన ఈ రెండు నీళ్లును తుదకు ఒకే సముద్రమున పడుచున్నవి. కనుక సముద్రయానపు ముచ్చట మనకు కాని ముచ్చట కాదు.

ఆ ముచ్చటలో ఒక చిన్న ప్రశ్నను నేడు విచారింతము. ఇంటి వసారా పాటి వెడల్పు గల చిన్న తెరచాప పడవలో, రాత్రింబవళ్లు ఊగుచున్న నీటిమీద, నెలల తరబడి ప్రయాణము చేయువారు ఎట్లు నిద్రింతురు? వారికి సుఖనిద్ర ఎట్లు కలుగును? ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక గల చరిత్ర పెద్దది.

బండి ప్రయాణము ఎరిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. మోటారు బస్సులు రాకపూర్వము ధాన్యము వేసికొని దూరపు సంతలకు పోవు ఎడ్లబండ్లు రాత్రివేళ వరుసగా నడచుచుండెడివి. ముందుబండి తోలువాడు మేలుకొని యుండును. వెనుక బండ్లవారు గడ్డిమీద గొంగడి పరచుకొని కునుకు తీయుదురు. ఎడ్లు ముందుబండి జాడను వదలవు. బండి క్రింద వ్రేలాడు లాంతరు ఎదుటివారికి గురుతు. ఆ నిద్రలో మెత్తదనము లేదు. కుదుపునకు ఎముకలు కదలుచునే యుండును. అయినను అది సుఖనిద్రయే. ఏలయన, మన కొరకు మేలుకొన్నవాడొకడు ఉన్నాడను నమ్మకమే దానికి పరుపు. నావలో నిద్ర యొక్క చరిత్రయంతయు ఈ నమ్మకపు చరిత్రయే యని మన అభిప్రాయము.

తెలుగువారికి నావ క్రొత్త కాదు. క్రీస్తుశకము 2వ శతాబ్దిలో పాలించిన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మ కలదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుఫానుకు చెడి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతముగా గైకొనుచుండిరనియు, తాము మాత్రము న్యాయమైన సుంకమునే తీసికొందుమనియు ఆ శాసనమున ప్రకటించెను. దీనిని వర్తకపు శాసనమని చరిత్రకారులు చెప్పుదురు, అది నిజమే. కాని ఓడమీది మనుష్యుని వైపు నుండి చూచినచో అది నిద్రాభయము కూడ. అలలతో పోరాడి తీరము చేరినవానికి తీరమువారి వలన భయము లేకున్నప్పుడే కన్ను మూతపడును.

ఉప్పునీటిని విడిచి మంచినీటికి వచ్చినచో, గోదావరి డెల్టాలో పడవనిద్ర మొన్నమొన్నటి వరకు నిత్యానుభవము. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట, అక్కడి కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక ప్రయాణికులకు బాటలును అయినవి. పైకప్పు గల గూటిపడవలు రాత్రియంతయు సాగుచుండెడివి. గాలి అనుకూలించినచో తెరచాప ఎత్తెడివారు. లేనిచో మనుష్యులు గట్టుమీద త్రాడు పట్టి లాగుచు నడిచెడివారు. లోపల ప్రయాణికులు మూటలు తలక్రింద పెట్టుకొని పరుండగా, చుక్కాని వద్ద సరంగు మేలుకొని యుండెడివాడు. లాకు వచ్చినప్పుడు అతని కేకకు కొందరు మేలుకొని, తిరిగి నిద్రపోయెడివారు. పాలగుమ్మి పద్మరాజు గారి 'పడవ ప్రయాణం' కథ అట్టి రాత్రి పడవలోనే నడచును. కాలువలో అల లేదు, దారి తప్పు భయము లేదు. కనుక ఆ నిద్ర బండినిద్రకు తోబుట్టువు. నడిసముద్రమున మాత్రము కథ వేరు.

పూర్వము ఐరోపా ఓడలలో కళాసులు దొరికినచోట బల్లలపై పరుండెడివారు. ఓడ ఒరిగినప్పుడెల్ల దొర్లిపోయెడివారు. 1492లో కొలంబసు అమెరికా దీవులను చేరినప్పుడు, అచ్చటి ప్రజలు నూలుతో అల్లిన ఉయ్యాలలలో నిద్రించుట చూచెను. దానికి వారి భాషలోని పేరే మారి 'హమ్మక్' అయినది. 1597 నాటికి ఆంగ్ల నౌకాదళము ఈ ఉయ్యాలపడకలను తన ఓడలకు అంగీకరించెను. ఓడ ఎటు ఒరిగినను ఉయ్యాల నిట్టనిలువుగా వ్రేలాడును గనుక పరుండినవాడు క్రింద పడడు. ఉదయము చుట్టి మూలకు చేర్చినచో చోటును మిగులును. మన ఇండ్లలో పసిబిడ్డకు చీరతో కట్టు తొట్టెల ఏ సూత్రముతో పనిచేయునో, మహాసముద్రములను దాటిన యుద్ధనౌకల పడకయు అదే సూత్రముతో పనిచేసినది.

ఆ యుద్ధనౌకలలో ఒక్కొక్క కళాసికి ఉయ్యాల కట్టుకొనుటకు ఇచ్చిన వెడల్పు 14 అంగుళములు మాత్రమే. ఒక మనిషి భుజముల వెడల్పైనను లేదు. మరి వారెట్లు పట్టిరి? కళాసులలో సగము మంది ఎల్లప్పుడును పైన పారా యందుండెడివారు. ఒకని ప్రక్కన మరియొక పారావాని ఉయ్యాల కట్టుటచే, నిద్రించువానికి నిజముగా 28 అంగుళములు దొరికెడివి. మేలుకొన్నవాడు తన మెలకువనే గాక తన చోటును కూడ నిద్రించువానికి ఇచ్చెనన్నమాట.

ఈ పారా పద్ధతి చక్కని లెక్కతో ఏర్పడినది. దినమును నాలుగేసి గంటల పారాలుగా విభజించిరి. అట్లు చేసిన ఆరు పారాలగును. రెండు జట్లు వంతులు వేసికొన్నచో ప్రతిదినము ఒకే జట్టునకు నడిరాత్రి పారా వచ్చును. ఈ అన్యాయమును తప్పించుటకు సాయంకాలము 4 గంటలు మొదలు 8 వరకు గల పారాను రెండేసి గంటలుగా చీల్చిరి. పారాలు ఏడైనవి, వంతులు దినదినము మారినవి. అర్ధగంట కొకసారి గంట కొట్టుట ఆచారము. ఎనిమిది గంటలు మ్రోగగానే జట్టు మారును. మన పల్లెలలో రాత్రివేళ తలారి వేయు 'పారా హుషార్' కేకను ఎరిగినవారికి ఈ గంటల అర్థము వివరింపనక్కరలేదు. ఆ కేక నిద్రను చెరుపదు. ఒకడు మేలుకొని యున్నాడని తెలిపి నిద్రను గాఢము చేయును.

అయితే పడవలో ఒక్కడే యున్నచో పారా ఎవరు కాయవలెను? ఈ చిక్కు ప్రశ్నకు మొదటి ఘనమైన సమాధానము జాషువా స్లోకం అను నావికునిది. ఇతడు 36 అడుగుల పైచిలుకు పొడవు గల 'స్ప్రే' అను పడవలో 1895 ఏప్రిల్ 24న అమెరికాలోని బోస్టన్ నుండి బయలుదేరి, ఒంటరిగా భూమిని చుట్టి, 1898 జూన్ 27న న్యూపోర్టు చేరెను. లోకమున ఇట్టి యాత్ర చేసినవారిలో ఇతడే ప్రథముడు. స్ప్రే పడవకు ఒక గొప్ప గుణముండెను. తెరచాపలను సరిగా సవరించి చుక్కానిని త్రాడుతో కట్టివేసినచో అది గాలిని బట్టి తన దారిని తానే పట్టుకొనెడిది. దారి ఎరిగిన ఎడ్లవంటి పడవ అది. పసిఫిక్ నుండి వచ్చి హిందూ మహాసముద్రమున కీలింగ్ దీవులకు పోవునప్పుడు 23 దినములలో 2,700 మైళ్లు నడచినను, తాను చుక్కాని పట్టినది మొత్తము మీద మూడు గంటలకు లోపేనని స్లోకం వ్రాసికొనెను.

ఆయన చెప్పిన మరియొక ముచ్చట నావికలోకమున ప్రసిద్ధము. అజోర్సు దీవులు దాటిన పిమ్మట, ప్లమ్ పండ్లును జున్నుగడ్డయు తిని, కడుపునొప్పితో గదిలో తెలివి తప్పి పడిపోయెను. కొంతసేపటికి కనులు తెరచి చూడగా, చుక్కాని వద్ద పూర్వకాలపు వేషముతో ఒక మనుష్యుడు కానవచ్చెను. తాను కొలంబసు ఓడలలో ఒకటియగు 'పింటా'కు మార్గదర్శకుడననియు, ఈ రాత్రి పడవను తాను నడపెదననియు అతడు చెప్పినట్లు స్లోకమునకు తోచెను. తెల్లవారి చూడగా పడవ తుఫానులో 90 మైళ్లు సరియైన దారినే నడచియున్నది. జ్వరపు కలవరింతయని మనము త్రోసివేయవచ్చును. కాని మనస్సు ఆ వేళ దేనిని కోరెనో గమనింపదగినది. అది మందును కోరలేదు, మెత్తని పరుపును కోరలేదు; పారా కాయు మనిషిని కోరెను.

ఆ మనిషికి బదులుగా యంత్రము వచ్చుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టెను. 1960లో ఇంగ్లండులోని ప్లిమత్ నుండి అమెరికాకు ఒంటరి నావికుల పందెము జరిగినది. దానిని తలపెట్టిన హాస్లర్ అను ఆయన 25 అడుగుల పడవకు గాలిరెక్క చుక్కానిని అమర్చెను. గాలి మారగానే రెక్క తిరుగును. ఆ త్రిప్పుడుతో చుక్కాని కదలి పడవను సరిచేయును. నూనె అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. పందెమున ఫ్రాన్సిస్ చిచెస్టర్ 40 దినములలో మొదటివాడుగను, హాస్లర్ 48 దినములలో రెండవవాడుగను చేరిరి. పిమ్మట రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968-69లో ఎక్కడను ఆగకుండ ఒంటరిగా భూమిని చుట్టినప్పుడు, ఆయన ఎక్కిన 32 అడుగుల 'సుహైలీ' పడవ మన బొంబాయిలో టేకుతో కట్టినది. దారిలో ఆయన గాలిరెక్క విరిగిపోగా, తెరచాపల సవరింపుతోనే పడవను నడపి, కునుకులు తీయుచు ఇల్లు చేరెను.

రెక్క చుక్కానిని పట్టగలదు గాని కన్నులు తెరచి చూడజాలదు. ఇచ్చటనే అసలు ప్రమాదమున్నది. ఓడలు ఢీకొనకుండుటకై 1972లో కుదిరిన అంతర్జాతీయ నియమావళిలో 5వ నియమము, ప్రతి నావయు సర్వకాలములందు కంటితోను చెవితోను తగిన కాపు ఉంచవలెనని శాసించుచున్నది. ఒంటరివాడు ఈ నియమమును ఎట్లు పాలించును? గంటకు 18 నాటికల్ మైళ్లు నడచు సరకు ఓడ 20 నిమిషములలో 6 మైళ్లు, అనగా సుమారు 11 కిలోమీటర్లు, దూసికొనివచ్చును. దిగంతమున లేని ఓడ అంతలో మీద పడవచ్చును. అందుకే ఒంటరి నావికులు ఇరువది నిమిషముల కొకసారి మ్రోగు గంట పెట్టుకొని, లేచి, నాలుగు దిక్కులు చూచి, మరల పరుందురు. ఇటలీ శాస్త్రజ్ఞుడు క్లాడియో స్టాంపి ఇట్టి నావికుల నిద్రను పరిశోధించి, 20 నిమిషములు మొదలు గంట వరకు గల చిన్న కునుకులుగా నిద్రను పంచుకొన్నవారే పందెములలో మేలుగా రాణించిరని కనుగొనెను. నేడు రాడారు, పరిసరపు ఓడల జాడ తెలుపు పరికరములు కూడ వారికి తోడైనవి. అయినను ఆ కునుకు అప్పు తెచ్చుకొన్న నిద్రయే.

ఇక పడక మాట. చిన్న పడవలో సుఖమైన పడక యనగా వెడల్పైన పడక కాదు. రేవులో కట్టియున్నప్పుడు ముక్కు భాగమున గల విశాలమైన పడక హాయిగనే యుండును. సముద్రములోనికి పోగానే అది అందరికన్న ఎక్కువగా లేచి పడుచుండును. తూగుబల్లకు చివర కూర్చున్నవాడు మీదికి క్రిందికి ఊగును, నడుమ కూర్చున్నవాడు అంతగా కదలడు. కనుక పడవకు నడిమి భాగమున, వీలైనంత క్రిందుగా, భుజములకు కొంచెము మించిన వెడల్పుతో గల పడకయే మేలు. ఇరుకైన పడక మనిషిని ఒడిలో పట్టుకొనును, వెడల్పైనది దొర్లించును. గాలికి పడవ దినముల తరబడి ఒకే ప్రక్కకు ఒరిగియుండును గనుక ఒరిగిన వైపు పడక మంచిది. పడక అంచున గట్టి గుడ్డనొకదానిని బిగించి పైకి త్రాళ్లతో కట్టుదురు. పరుండినవాడు దానిలో తొట్టెలలోని బిడ్డవలె ఇముడును.

తరువాతి శత్రువు తడి. ఉప్పునీట తడిసిన బట్ట ఎండలో ఆరినట్లే కనబడును గాని, అందలి ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి రాత్రికి మరల తడియగును. అందుచేత తడిబట్టలను పడకదరికి రానీయరు. మంచినీరు మిగిలినచో దుప్పటిని అందులో జాడింతురు. గది మూసినచో ఊపిరాడదు, తెరచినచో అల లోపలికి దూకును. ఈ చిక్కునకు 1930లో నీట దిగిన 'డోరేడ్' అను పడవ పేరున ఒక పరిష్కారము ప్రసిద్ధికెక్కినది: పెట్టెవంటి గాలిగొట్టమున నీరు క్రింది రంధ్రముల గుండ జారిపోగా గాలి మాత్రము లోపలికి వచ్చును. లంగరు వేసిన రాత్రి మరియొక జాగ్రత్త కలదు. లంగరు గొలుసును నీటి లోతునకు అనేక రెట్లు వదలవలెను. అన్ని దిక్కులకు కనబడు తెల్లని దీపమును పైన వెలిగింపవలెను. పడవవాడు పరుండిన పిమ్మట అతని తరఫున మేలుకొని యుండునది ఆ దీపమే.

ఇప్పుడు మన ఇంటి ఆడపడుచుల కథకు వత్తము. 2017 సెప్టెంబరు 10న భారత నౌకాదళమునకు చెందిన ఆరుగురు మహిళలు 'తారిణి' అను 56 అడుగుల తెరచాప పడవలో గోవా నుండి భూప్రదక్షిణకు బయలుదేరిరి. నాయకురాలు లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషీ. వారిలో ఇద్దరు తెలుగువారు: విశాఖపట్టణపు లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి, హైదరాబాదు లెఫ్టినెంట్ ఐశ్వర్య బొడ్డపాటి. ఆస్ట్రేలియా, న్యూజిలాండు రేవులలో ఆగి, 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొననున్న కేప్ హార్న్ చుట్టి, ఫాక్‌లాండు దీవులు, కేప్ టౌన్ మీదుగా వచ్చి, చుక్కాని యంత్రాంగపు మరమ్మతుకై మారిషస్‌లో ఆగి, 2018 మే 21న గోవా చేరిరి. మొత్తము 254 దినములు, సుమారు 21,600 నాటికల్ మైళ్లు. పసిఫిక్ దక్షిణ భాగమున ఇండ్లంత ఎత్తు అలలును, గడ్డకట్టు చలియు వారిని పరీక్షించినవి. అట్టి రాత్రి క్రింద పరుండినవారికి పైన తెరచాప చప్పుడు, అల దెబ్బ, త్రాళ్ల కీచుమనుట వినబడుచునే యుండును. ఆ చప్పుడులో నిద్ర పట్టవలెనన్నచో, చుక్కాని పట్టిన తోటిదాని చేతులను నమ్మవలెను.

అదే తారిణిలో 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అను ఇద్దరు నౌకాదళ అధికారిణులు మాత్రమే బయలుదేరి, 2025 మే 29న తిరిగి వచ్చిరి. ఇద్దరే యున్నచో లెక్క మరింత సూటి: ఒకరు నిద్రించినచో రెండవవారు మేలుకొనవలసినదే.

ఒంటరివానికి ఆపద వచ్చినప్పుడు పారా ఎంత దూరము పోగలదో 2018 సెప్టెంబరులో తెలిసినది. నౌకాదళ అధికారి అభిలాష్ టామీ ఒంటరి పందెమున దక్షిణ హిందూ మహాసముద్రమున ఉండగా, తుఫానులో తెరచాప కొయ్యలు విరిగి, ఆయన వెన్ను దెబ్బతినెను. కదలలేక తన పడకపైననే పడియుండి, ఉపగ్రహము ద్వారా నాలుగు మాటల సందేశము పంపగలిగెను. భారత నౌకాదళ విమానము పడవ జాడ కనిపెట్టెను. సెప్టెంబరు 24న 'ఒసిరిస్' అను ఫ్రెంచి నౌక ఆయనను కాపాడెను. ఆయన 2022లో మొదలైన అదే పందెమునకు మరల పోయి, 2023 ఏప్రిల్‌లో రెండవ స్థానమున ముగించెను. వేల మైళ్ల ఆవల ఎవరో చెవి యొగ్గి వినుచుండిరి గనుకనే ఆ పడక మరణశయ్య కాలేదు.

ఆ వినుట, ఆ వినిపించుట నేడు మన గుమ్మములోనికే వచ్చినవి. పరిగికి సమీపమున, పూడూరు మండలములోని దామగుండము అడవిలో, నౌకాదళపు అతి దీర్ఘ తరంగ రేడియో కేంద్రమునకు 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేసిరి. తమిళనాడులోని తిరునెల్వేలి వద్ద 1990లో నెలకొన్న కేంద్రము తరువాత ఇట్టిది దేశమున ఇది రెండవది. మన రేడియోపెట్టెలోని మీడియం వేవు సుమారు 530 కిలోహెర్ట్జులతో మొదలగును. ఈ కేంద్రపు తరంగములు 3 మొదలు 30 కిలోహెర్ట్జుల లోపలివి. ఒక్కొక్క తరంగము పొడవు పది కిలోమీటర్లకు తక్కువ కాదు. అవి సముద్రపు నీటిలోనికి కొన్ని మీటర్ల లోతు చొచ్చుకొనిపోవును గనుక, మునిగియున్న జలాంతర్గాములకు కబురు చేరును. తారిణివంటి పడవలకు వేరు తరంగములు, ఉపగ్రహములు కలవు; కాని పారా ధర్మము ఒక్కటియే.

ఇచ్చట మరియొక మాట చెప్పక తప్పదు. ఈ కేంద్రమునకు ఇచ్చిన భూమి సుమారు 2,900 ఎకరముల అడవి. అక్కడి చెట్లకు, మూసీ పుట్టుకకు, రామలింగేశ్వరుని గుడికి పోవు దారికి ఏమగునోయని ఈ ప్రాంతమువారు, ప్రకృతి ప్రేమికులు ఆందోళన తెలిపిరి. ఆ ఆందోళన తోసివేయదగినది కాదు. దూరపు సముద్రమున ఒకరి నిద్రను కాచుట గొప్ప పనియే. కాని దానికై దగ్గరనున్నవారి నిద్ర చెదరకుండ చూచుటయు పారా ధర్మములోనిదే.

మోటుపల్లి శాసనము మొదలు దామగుండము వరకు, ఉయ్యాలపడక మొదలు గాలిరెక్క వరకు, ఈ చరిత్రలో మారినవి పనిముట్లు. మారనిది ఒక్కటి: పడక ఇరుకైనను, అల పెద్దదైనను, ఒకరు మేలుకొని యున్నారను నమ్మకమున్నచో మనిషి నిద్రింపగలడు, అది లేనిచో పట్టుపరుపుపై కూడ నిద్ర రాదు. ఆసుపత్రిలో రాత్రి విధులలో నున్న నర్సు, రైలుగేటు వద్ద పచ్చదీపము పట్టుకొన్న మనిషి, గాలివానలో కరెంటు స్తంభమెక్కిన ఉద్యోగి, వీరందరును మన నావకు చుక్కాని పట్టినవారే. వారి వంతు ముగిసి వారు పరుండినప్పుడు, మేలుకొనవలసిన వంతు మనది.